సాంచెలవాడ అధికారిక చరిత్ర

ప్రపంచంలోని గొప్ప నాగరికతలన్నీ నదుల ఒడ్డున పుట్టాయని బడిపుస్తకాలు చెబుతాయి. మానేరుపేట మున్సిపాలిటీ పదిహేడో వార్డు, అనగా సాంచెలవాడ, మోరి ఒడ్డున పుట్టింది. నది పొంగితే పంట పండుతుంది. మోరి పొంగితే కౌన్సిలర్ వస్తాడు. (వచ్చి, ప్యాంటు మడిచి, ఫొటో దిగి, ప్యాంటు దించుకుని పోతాడు.) ఈ ఒక్క తేడా మినహాయిస్తే, సాంచెలవాడ ఏ నాగరికతకూ తీసిపోదని ఆ వాడ అభివృద్ధి కమిటీ కార్యదర్శి రాజం గట్టి నమ్మకం.

కరీంనగర్ నుంచి బస్సెక్కితే ముప్పావుగంటలో మానేరుపేట వస్తుంది. బస్టాండులో దిగి ఎవరినీ దారి అడగనక్కర లేదు, టకటకమని మోత ఎటునుంచి వస్తే అటు నడిస్తే చాలు. సాంచె అంటే మరమగ్గం. ఆ వాడలో నలభై షెడ్లు, షెడ్డుకు నాలుగు చొప్పున నూటఅరవై సాంచెలు. పొద్దున ఆరింటికి మొదలైతే చీకటి పడేదాకా ఆగవు. ఆ మోతలో పుట్టి పెరిగినందువల్ల వాడవాళ్ళు గుసగుసలాడినా రెండు వీధుల అవతలికి వినపడుతుంది. పెళ్ళిచూపులకు బయటి నుంచి వచ్చినవాళ్ళు, వీళ్ళు తమ మీద కోప్పడుతున్నారేమోనని టీ తాగకుండా లేచిపోయిన సందర్భాలు రెండున్నాయి.

రాజానికి యాభై ఆరేళ్ళు, నాలుగు సాంచెలు, ఒక భార్య, ఒక తల్లి. కమిటీకి పదకొండేళ్ళుగా ఆయనే కార్యదర్శి. చేతిరాత బాగుంటుందన్నది తప్ప ఆయన ఎన్నికకు మరో కారణం ఎవరికీ గుర్తు లేదు. ఆయన జీవితంలో ఒకే ఒక దిబ్బ ఉంది. ఆరేళ్ళ కిందట మంచినీళ్ళ పైపుల కోసం తవ్విన మట్టిని కాంట్రాక్టరు షెడ్ల వెనక, సరిగ్గా మోరికి అడ్డంగా పోసి వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి వాన పడితే మోరి నీళ్ళు ముందుకు పోకుండా రాజం షెడ్డులోకి వస్తాయి. పోయిన వానకాలం మోటార్లు తడిసి తొమ్మిది రోజులు సాంచెలు ఆగాయి. దిబ్బ తీయించమని రాజం ఏడాదికొకటి చొప్పున ఆరు అర్జీలు పెట్టాడు. ఆరింటికీ జవాబు వచ్చింది. ఆరూ ఒకటే జవాబు: "మా రికార్డుల ప్రకారం సదరు స్థలమందు ఎట్టి మట్టిదిబ్బయు లేదు. లేని దిబ్బను తొలగించుటకు నిబంధనలు అనుమతించవు."

ఇట్లా ఉండగా మార్చి నెలలో మున్సిపాలిటీకి పట్టణ చరిత్ర సేకరణ మరియు క్రమబద్ధీకరణ విభాగం నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. ప్రతి వార్డూ తన చరిత్రను 'మన వార్డు మన ఘనత' అనే యాప్‌లో నెలాఖరులోగా నమోదు చేయవలెను. చరిత్ర నమోదు కాని వార్డులకు మోరి, రోడ్డు, వీధిదీపం వగైరా వర్తమానకాలపు సౌకర్యాలు మంజూరు చేయబడవు. గతం లేనిదే వర్తమానం ఎట్లా వస్తుందని సర్క్యులరే ప్రశ్నించి, రాదని సర్క్యులరే జవాబిచ్చింది.

ఈ సంగతి మోసుకొచ్చినవాడు వార్డు ఆఫీసర్ సంపత్. మూడు వార్డులు, రెండు సర్వేలు, కుక్కల లెక్కింపు అతని నెత్తి మీదే ఉన్నాయి. మంచివాడు. ఏ పనైనా ఆ పూటే ముగించాలని చూస్తాడు, ఎందుకంటే మరుసటి పూట ఇంకో యాప్ వస్తుంది.

"అన్నా, నలభై రెండు ప్రశ్నలున్నయి. నువ్వు కాయితం మీద రాసియ్యి, నేను ఎక్కిస్త. చరిత్ర ఎక్కిందంటె మోరి పని మంజూరైనట్టే," అన్నాడు సంపత్.

"దిబ్బ గూడ తీస్తరా?"

"మోరి కడితే దిబ్బ తియ్యకుంట ఎట్ల కడ్తరు?"

ఆ తర్కానికి రాజం ప్రాణం లేచి వచ్చింది. అదే సాయంత్రం తన షెడ్డులో కమిటీని కూర్చోబెట్టాడు. మొదటి ప్రశ్నకే తగువు మొదలైంది. ఈ వాడను స్థాపించినవారెవరు? పక్క షెడ్డు పరశురాములు తన తండ్రి పేరు రాయమన్నాడు. ఆయన తండ్రి వాడకు వచ్చింది అందరికంటే ఆఖరున, అదీ అల్లుడిగా. రాజం తల్లి కొమురవ్వ మూలన కూర్చుని కండెలు చుడుతోంది. అంటే మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే నూలును రాట్నం తిప్పి చిన్న పుల్లలకు చుట్టడం. డెబ్బై ఎనిమిదేళ్ళ వయసులో ఆమెకు తెలిసిన విశ్రాంతి అదొక్కటే.

"స్థాపించుడేంది రా," అంది రాట్నం ఆపకుండా. "మీ బాపు నాలుగు సాంచెలు లారీల ఏసుకొని జమ్మికుంటకు బయలెల్లిండు. తొవ్వల వాన వట్టింది. లారీ గీడ బురదల దిగవడ్డది. మూడొద్దులు సూసినం. ముందటికి పోలే, ఎనుకకు రాలే. గీడనే దించుకున్నం."

"గంతేనా అవ్వా?"

"గంతే. మల్ల ఇంకో లారోడు మా ఎనుకనే వచ్చి దిగవడ్డడు. గట్ల వాడ అయ్యింది."

తమ నాగరికత మొత్తం బురదలో దిగబడిన లారీలదని కమిటీకి అప్పుడే తెలిసింది. రాజానికి తల్లి మాట తీసేయడానికి మనసొప్పలేదు, ఉన్నదున్నట్టు రాయడానికి చేయి రాలేదు. చివరికి మంచి చేతిరాతతో ఇట్లా రాశాడు: "వర్షాకాలమున ప్రయాణము సాగక మా పూర్వీకులు ఇచట నివాసము ఏర్పరచుకొనిరి." మిగిలినవన్నీ నిజాయితీగానే నింపాడు. వాడకు పేరు సాంచెల వల్ల వచ్చింది. వాడలో నలభైమంది ఆసాములు ఉన్నారు. (సొంతానికి నాలుగు సాంచెలు పెట్టుకుని, పెద్ద షావుకార్ల నూలు తెచ్చి నేసేవాణ్ణి ఆసామి అంటారు.) ప్రతి షెడ్డులో భీములు గలవు. (పడుగు నూలు చుట్టి సాంచెకు ఎక్కించే పెద్ద దుంగ భీము.) స్త్రీల ముఖ్య వృత్తి చక్రం తిప్పుట. షెడ్ల వెనక ఒక దిబ్బ గలదు, దాని విషయమై ప్రజలు ఎన్నో ఏండ్లుగా మొరపెట్టుకొనుచున్నారు.

సంపత్ ఎక్కించడానికి కూర్చున్నాడు. పేరు ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న దగ్గర యాప్ ఒక జాబితా ఇచ్చి, అందులోంచే ఏరుకోమంది. జాబితాలో సాంచెలు లేవు. సాంచి ఉంది.

"దగ్గరిది పెడుతున్న అన్నా. తర్వాత మారుద్దం," అన్నాడు సంపత్.

ఈ దేశంలో చాలా చరిత్ర ఈ రెండు మాటల మీదే నిలబడి ఉంది. ఆసాములు అన్న మాటను యాప్ తనంతట తానే అక్షరదోషంగా గుర్తించి, ముందున్న అక్షరం తీసేసి, స్వాములుగా దిద్దింది. నలభై రెండో ప్రశ్న తర్వాత తెర మీద పచ్చని టిక్కు మార్కు వెలిగింది. కమిటీ సభ్యులంతా మిర్చిబజ్జీలు తిన్నారు.

ఏప్రిల్ రెండో వారంలో విభాగం సహాయ సంచాలకులు పద్మలత స్వయంగా వచ్చింది. హైదరాబాదులో పుట్టి, హైదరాబాదులోనే చదివి, చరిత్రలో బంగారు పతకం పొంది, గత ఆరేళ్ళుగా ఫైళ్ళు తప్ప మరే పురాతన వస్తువునూ చూడని మనిషి. సాంచెలవాడ నివేదిక చదివిన రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదట. సాంచి పేరిట వాడ, నలభైమంది స్వాములు, వానకాలంలో ప్రయాణం ఆపి ఒకచోట నిలిచిపోయే పాత బౌద్ధ భిక్షువుల ఆచారం, ధర్మచక్రం తిప్పే స్త్రీలు, ఒక దిబ్బ. భీముల సంగతి మాత్రం ఆమెకు కొరుకుడు పడలేదు. పాండవులు కూడా వచ్చి ఉంటారని ఫుట్‌నోటులో సర్దింది.

విభాగం నమూనా ప్రకారం కట్టడాల్ని బయటి నుంచే పరిశీలించాలి. లోపలికి పోవడానికి వేరే ఫారం ఉంది. కాబట్టి షెడ్డు వాకిట్లో మోత మధ్య నిలబడే ఆమె రాజాన్ని అడిగింది.

"స్వాములను చూడవచ్చాండీ?"

రాజానికి ఆ మోతలో ఆసాములు అనే వినపడింది. "ఎందుకు సూడరాదు మేడం. అందరు లోపట్నే ఉన్నరు."

"రోజుకు ఎన్ని గంటలు కూర్చుంటారు?"

"కూసునుడు ఎక్కడిది మేడం. నిలవడుడే. పన్నెండు గంటలు."

ఆమె రాసుకుంది. "ఒకరితో ఒకరు మాట్లాడుకోరా?"

"సప్పుడుల ఏమినవడ్తది. సైగలే."

"మరి భుక్తి ఎలా గడుస్తుంది?"

"ఎవలన్న దయదలిచి ఇస్తె తింటరు, లేకుంటె లేదు. మా బాపు కాలం సంది గింతే మేడం." ఆర్డర్ల గురించి రాజం తన గుండెలో ఉన్నదంతా చెప్పేశాడు.

పద్మలత కళ్ళు చెమర్చాయి. సరిగ్గా ఆ సమయానికే పరశురాములు చెమట తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. మూడు రోజుల కిందటే వేములవాడలో మొక్కు తీర్చుకుని గుండు చేయించుకున్నాడు. భుజం మీద కాషాయం తువ్వాల ఉంది. ఆమె చేతులెత్తి మొక్కింది. ఇంత మర్యాదగల ఆఫీసరును జన్మలో చూడని పరశురాములు కంగారుపడి తానూ మొక్కాడు. ఆ ఫొటోనే తర్వాత నివేదిక అట్ట మీద వచ్చింది.

ఆ తర్వాత ఆమె షెడ్ల వెనక్కి వెళ్ళి నిలబడి, చాలాసేపు చూసి, "ఈ దిబ్బ..." అంది.

"మేడం, మీకు దిబ్బ కనవడ్తుందా?" అన్నాడు రాజం.

"స్పష్టంగా కనిపిస్తోంది."

ఆరేళ్ళలో ఒక ప్రభుత్వాధికారి ఆ దిబ్బను చూడటం అదే మొదటిసారి. రాజం తువ్వాలతో కళ్ళు ఒత్తుకుని ఇంటికి పరుగెత్తి, నర్మదతో చెప్పి, మేడానికి చల్ల తెప్పించాడు. నర్మద ఆయన భార్య, భర్త సంతోషాన్ని ఎప్పుడూ ఒక పూట ఆలస్యంగా నమ్మే మనిషి. "దిబ్బను సూసుడు సరే, తీస్తదట్నా?" అని మాత్రం అడిగింది.

తీయలేదు. మే మొదటి తారీఖున దిబ్బ చుట్టూ పచ్చటి ఇనుపజాలీ వచ్చింది, దాని ముందు నీలం బోర్డు వచ్చింది. దిబ్బ రక్షిత స్తూపమైంది. మోరి పురాతన జలవ్యవస్థ అయింది, కాబట్టి అందులో పూడిక తీయడం చట్టరీత్యా నేరం. వాడ పేరు సాంచివాడ అయింది. ఏడో నిబంధన ప్రకారం స్తూపానికి రెండువందల మీటర్లలో కంపనం కలిగించు యంత్రములు నడుపరాదు. అదే రోజు మధ్యాహ్నానికి నూటఅరవై సాంచెలకూ సీళ్ళు వేశారు. సీళ్ళు వేసింది సంపతే. వేస్తున్నంతసేపూ తల ఎత్తలేదు.

మరునాడు పొద్దున వాడ మొత్తం ఎనిమిదింటికి లేచింది, ఎందుకంటే లేపడానికి మోత లేదు. లేచాక కొత్త ఇబ్బంది తెలిసింది. ఎవరింట్లో మాట్లాడుకున్నా నాలుగిళ్ళకు వినపడుతోంది. పరశురాములు భార్య తన ఆడబిడ్డ గురించి ఇరవై ఏళ్ళుగా వంటింట్లో చెప్పుకుంటున్న మాటలు ఆ ఒక్క పూటలో ఆడబిడ్డకు చేరాయి. మధ్యాహ్నానికి వాడలో మూడు తగువులు. కమిటీ అత్యవసరంగా సమావేశమై, సాంచెలు మొదలయ్యేదాకా అందరూ మెల్లగా మాట్లాడాలని గట్టిగా అరిచి తీర్మానించింది.

కానీ రాజానికి నవ్వు రాలేదు. సహకార సంఘం నుంచి బడిపిల్లల యూనిఫారం బట్ట ఆర్డరు వచ్చి ఉంది. బడులు తెరిచేలోగా బట్ట అందకపోతే ఆ ఆర్డరు వేరే ఊరికి పోతుంది, ఒకసారి పోయింది మళ్ళీ రాదు. అన్నిటికంటే ఆయన్ని కుంగదీసింది ఇంకొకటి. సాంచెలు ఆగిన ఆరో రోజు వాడలోంచి నలుగురు మహారాష్ట్రలోని భీవండికి బస్సెక్కారు. అక్కడి మగ్గాల మీద ఎప్పుడూ పని ఉంటుంది. వెళ్ళినవాళ్ళు మొదట డబ్బు పంపుతారు, తర్వాత పెళ్ళాంపిల్లల్ని పిలిపించుకుంటారు, ఆ తర్వాత ఇంటికి తాళం పడుతుంది. రాజం చిన్నప్పుడు పక్క వాడ ఒకటి అట్లాగే ఖాళీ అయింది. నలుగురినీ బస్సు దాకా సాగనంపి వచ్చి, సీలు వేసిన సాంచె ముందు పీట వేసుకుని కూర్చున్నాడు. అన్నం తినలేదు.

"నువ్వు రాసిన రాతనే గదా," అంది నర్మద. అని, మళ్ళీ ఆమే నొచ్చుకుని, "లే, పోయి దిద్దిచ్చుకొని రా. తప్పు రాసినోళ్ళకు దిద్దుడు రాదా," అంది.

దిద్దించడానికి రాజం కరీంనగర్ వెళ్ళాడు. విభాగం ఆఫీసు ఒక అద్దె ఇంటి మేడ మీద ఉంది. చరిత్ర సవరణల కౌంటర్ వెనక లింగమూర్తి అనే గుమాస్తా కూర్చుని ఉన్నాడు. ఓపికగా అంతా విన్నాడు.

"మీ వాడల స్తూపం లేదంటరు."

"లేదు సార్. అది పైపుల మట్టి."

"మంచిది. చరిత్ర లేమి ధ్రువీకరణ పత్రానికి దరఖాస్తు పెట్టుకోండ్రి. సదరు కాలమందు సదరు స్థలమున స్తూపము కట్టలేదని ఇద్దరు ప్రత్యక్ష సాక్షులు దస్తఖత్ చెయ్యాలె."

"సదరు కాలమంటె ఎప్పుడు సార్?"

లింగమూర్తి ఫైలు చూశాడు. "రెండువేల ఏండ్ల కింద. సాక్షుల ఆధార్ కార్డు జిరాక్సులు గూడ కావాలె."

రాజం తన దగ్గరున్న బ్రహ్మాస్త్రం తీశాడు. ఆరు అర్జీలు, ఆరు రసీదులు, ఆరు జవాబులు. ఆరేళ్ళ కిందట ఇది మట్టి అని, తీసేయమని తాను రాసినట్టు మున్సిపాలిటీ ముద్రతో సహా రుజువు. లింగమూర్తి వాటిని ఒక్కొక్కటే వెలుతురుకు పెట్టి చదివాడు. లేచి లోపలికి పోయాడు. అరగంట తర్వాత నవ్వు ముఖంతో వచ్చి రాజం చేయి పట్టుకుని ఊపాడు.

"ఇవి మాకు దొరకలే అన్నా. దిబ్బ గురించి ప్రజలు అనాదిగా మొరపెట్టుకుంటున్నరని రిపోర్టుల ఉన్నది గని లిఖిత ఆధారం లేకుండె. ఇప్పుడు ఉన్నది."

ఆ ఆరు అర్జీలకూ ప్లాస్టిక్ కాగితం అతికించి, శాసనములు ఒకటి నుంచి ఆరు అని పేరు పెట్టి, స్తూపం పక్కన అద్దాల పెట్టెలో ఉంచారు. చేతిరాత బాగుందని సందర్శకులందరూ మెచ్చుకున్నారు.

ఈ అద్దాల పెట్టెను ప్రారంభించడానికి పద్మలత మళ్ళీ వచ్చింది. రాజం ముఖం చాటేశాడు. నర్మద మాత్రం ఊరుకోలేదు. రిబ్బను కత్తిరించి ఆమె కారు దగ్గరికి పోతుంటే చేయి పట్టుకుని, వేరే ఫారమేదీ లేకుండానే, షెడ్డు లోపలికి నడిపించుకుపోయింది.

"మేడం, జర సూడుండ్రి. సాంచె అంటె గిది."

పద్మలత సీలు వేసిన యంత్రాన్ని చూసింది. పైనుంచి కిందికి చూసింది. సగం నేసి ఆగిపోయిన నీలం గళ్ళ బట్ట దాని మీద అట్లాగే ఉంది.

"మరి... భీముడు?"

"గీ దుంగ. నూలు సుడ్తం."

"స్వాములు?"

"ఆసాములు మేడం. గా మూలకు కూసున్నది ఆసామే. నా పెనిమిటి."

రాజం లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. పద్మలత ఆఖరి ఆశతో కొమురవ్వ వైపు తిరిగింది. "అమ్మా, వానకాలంలో మీ పూర్వీకులు ప్రయాణం ఆపి ఇక్కడ..."

"లారీ దిగవడ్డది బిడ్డా," అంది కొమురవ్వ.

పద్మలత నూలు మూట మీద కూలబడింది. మొదట ముఖం ఎర్రబడింది. తర్వాత నవ్వు మొదలైంది, కళ్ళ నీళ్ళు కారేదాకా ఆగలేదు. ఆమెను చూసి నర్మద నవ్వింది, నర్మదను చూసి కొమురవ్వ బోసినోటితో నవ్వింది. నవ్వకుండా ఉన్నది రాజం ఒక్కడే.

"మేడం, గీ నెలాఖరుకు బడి బట్ట ఇయ్యాలె. ఇయ్యాల్ల గిట్ల సాంచెలు మొదలువెడితె అందుకుంటం. లేకుంటె ఇంకో పదిమంది భీవండి బస్సెక్కుతరు," అన్నాడు.

ఆమె కళ్ళు తుడుచుకుంది. చెడ్డ మనిషి కాదు. "తప్పు నాదే. కానీ రిపోర్టు పైనుంచి ఆమోదమై వచ్చేసింది. ఆమోదం పొందిన చరిత్రలో తప్పు ఉండదని పన్నెండో నిబంధన. మార్చాలంటే ఇంకో కమిటీ వేయాలి. అది మూడేళ్ళు కూర్చుంటుంది."

"మూడేండ్లకు ఎవలుంటరు మేడం ఈడ," అన్నాడు రాజం.

ఆ పూట పద్మలత తిరిగి వెళ్ళలేదు. షెడ్డులోనే కూర్చుని, నర్మద పెట్టిన జొన్నరొట్టె తిని, నిబంధనల పుస్తకం మొదటి నుంచి చివరిదాకా చదివింది. సాయంత్రానికి తొమ్మిదో నిబంధన మూడో ఉపనిబంధన దొరికింది. రక్షిత స్థలమునకు సంబంధించిన సంప్రదాయ ధ్వనులు, అనగా గంటానాదము, మంత్రపఠనము మొదలగునవి, కంపనము కలిగించినను నిషేధించరాదు. పద్మలత ఒక కొత్త నోట్ రాసింది. సాంచివాడ స్వాములు అనాదిగా పన్నెండు గంటలు నిలబడి చేయు ధ్వని, ఈ స్థలము యొక్క సంప్రదాయమే.

నోటుకు ఇరవై రోజుల్లో అనుమతి వచ్చింది. (అంత వేగంగా ఆ విభాగంలో ఏదీ కదలలేదని, ప్రింటర్ కూడా కదలలేదని లింగమూర్తి చెప్పాడు.) అప్పటికి బడులు తెరిచారు, యూనిఫారం ఆర్డరు ఇంకో ఊరికి పోయింది. అయినా సీళ్ళు తీసిన పొద్దున వాడంతా షెడ్ల ముందు గుమిగూడింది. సంపత్ స్వయంగా కొబ్బరికాయ కొట్టాడు. రాజం చేయి స్విచ్చు మీదికి పోతుంటే సంపత్ అనుమతి పత్రం చదివి వినిపించాడు. ధ్వని అనుమతించబడినది. వస్త్రోత్పత్తి పరిశ్రమ కిందికి వచ్చును గనుక అనుమతించబడలేదు. షెడ్లలోకి నూలు తేరాదు.

"అంటె?" అన్నాడు పరశురాములు.

"అంటె నడుపుండ్రి. నెయ్యకుండ్రి," అన్నాడు సంపత్.

నడిపారు. మోత లేచింది. వాడలో ఆడబిడ్డలూ వదినలూ మళ్ళీ ఒకరి మాట ఒకరికి వినపడక సుఖంగా ఉన్నారు. నలభైమంది ఆసాములనూ 'వారసత్వ ధ్వని కళాకారులు' అనే హోదాలో ఔట్‌సోర్సింగ్ పద్ధతిన తీసుకున్నారు. పొద్దున పదింటి నుంచి సాయంత్రం ఐదు దాకా, మధ్యలో భోజన విరామం, సోమవారం సెలవు. మెడలో గుర్తింపు కార్డు. నెల మొదటి తారీఖున జీతం. అట్లా తారీఖుకు పైసలు రావడం ఆ వాడ పుట్టినప్పటి నుంచి లేదు. సంగతి తెలిసి భీవండి వెళ్ళిన నలుగురూ నాలుగో రోజుకే తిరిగి వచ్చారు. వాళ్ళను చూసి రాజం బస్టాండులోనే కావలించుకున్నాడు. కళాకారులకు కాషాయం కుర్తాలు ఇచ్చారు, వాటి బట్ట టెండరు మీద భీవండి నుంచే వచ్చింది.

కొమురవ్వ ఒకరోజు కర్ర పట్టుకుని షెడ్డులోకి వచ్చి, ఖాళీగా ఆడుతున్న సాంచె మీదికి వంగి చాలాసేపు చూసింది. "గిది పన్జేస్తలేదు రా. ఉత్తగ ఒర్రుతుంది," అని రాట్నం సర్దేసి ఇంటికి పోయింది.

రాజానికి కళాకారుడి ఉద్యోగంతో పాటు గైడు బాధ్యత కూడా అప్పగించారు, మాట స్పష్టంగా ఉంటుందని. ఆమోదం పొందిన చరిత్ర నాలుగు పేజీలు అచ్చువేసి ఇచ్చారు. దానికి భిన్నంగా ఒక్క మాట చెప్పినా ధ్వని అనుమతి రద్దయి సాంచెలకు తిరిగి సీళ్ళు పడతాయని నాలుగో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. రాజం ఆ నాలుగు పేజీలూ వారం రోజుల్లో కంఠతా పట్టాడు. సెలవుల్లో సందర్శకులు బాగానే వస్తున్నారు. ఆయన కాషాయం కుర్తాలో ముందు నడుస్తూ స్తూపం, శాసనాలు, జలవ్యవస్థ వరుసగా చూపించి, చివర షెడ్డులోకి తీసుకొస్తాడు.

మొన్న ఆదివారం కరీంనగర్ నుంచి ఒక రిటైర్డు టీచరమ్మ వచ్చింది. అందరూ ఫొటోలు దిగుతుంటే ఆమె ఒక్కతే సాంచె దగ్గర ఆగి, ఖాళీ భీము మీద చేయి వేసి, నాడె అటూ ఇటూ పరుగెత్తడం చూసింది. రాజం పక్కన నిలబడి ఉన్నాడు. నూలు లేకపోయినా, తెగిన పోగు కోసం ఆయన వేళ్ళు పాత అలవాటుగా వెతుకుతున్నాయి.

"అయ్యా, ఒక మాట అడుగుత," అంది ఆమె. "గీ వాడల ఎప్పుడన్న బట్ట నేసిండ్రా?"

రాజం షెడ్డులో ఉన్న పరశురాములును చూశాడు, భీవండి నుంచి తిరిగి వచ్చిన నలుగురినీ చూశాడు. తర్వాత చేతిలోని నాలుగు పేజీలు ఒకసారి తిప్పి చూసుకున్నాడు.

"ఆధారాలైతే దొరకలే మేడం," అన్నాడు.